రెండు పంపులకు ఒకే స్విచ్చి

ఆయన ఇరవై ఎనిమిదేళ్లు లిఫ్టులు బాగుచేశాడు. అందుకని చుట్టాల్లో ఆయనకు లిఫ్టు బాబాయి అనే పేరు స్థిరపడిపోయింది. వరసకు బాబాయి అయ్యేది ఒక్క అన్న కూతురికే అయినా, వదినలూ మరదళ్లూ కూడా ఆ పేరే వాడేవారు. ఆయన భార్య అలాగే అందరికీ పిన్ని అయిపోయింది. రిటైరైన రోజున కంపెనీవాళ్లు గోడగడియారం బహుమతిగా ఇస్తే, ఇంటికి తెచ్చి, వెనక మూత విప్పి లోపలంతా చూసుకున్నాకే గోడకు తగిలించాడని పిన్ని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేది.

ఆ అన్న కూతురు పళ్ల డాక్టరు. ఆమె భర్త భూములు కొలిచే సర్వేయరు. ఊరి చివర చిన్న విమానాలు దిగే మైదానం ఒకటుంది. దాని పక్కనే ఒక రేకుల షెడ్డు తీసుకుని, ఇద్దరూ నాలుగేళ్లుగా విమానం కడుతున్నారు. ఇద్దరు పట్టే చిన్న విమానం. నమూనా పటాలూ రేకు ముక్కలూ పెట్టెల్లో వచ్చాయి. మిగిలినదంతా సెలవు రోజుల్లో వాళ్ల చేతుల మీదే జరిగింది. చుట్టాలు మొదట నవ్వారు, తర్వాత భయపడ్డారు, ఆ తర్వాత అలవాటు పడ్డారు. ఎంతవరకు వచ్చిందని, ఇల్లు కట్టుకునేవాళ్లను అడిగినట్టే అడిగేవారు.

రెక్కలూ తోకా ఇంజనూ అయ్యాక వైర్ల పని మిగిలింది. ఒక ఆదివారం ఆమె బాబాయి ఇంటికొచ్చి, వంటింట్లో బల్ల ముందు కూర్చుని, పిన్ని పెట్టింది తింటూ అసలు సంగతి బయటపెట్టింది. నాకు పళ్ల సంగతి తెలుసు, మా ఆయనకు నేల సంగతి తెలుసు, కరెంటు సంగతి ఇంట్లో నీకొక్కడికే తెలుసు, కాబట్టి ఆ పని నువ్వే చేసిపెట్టాలి అంది. బాబాయి ఆలోచించి చెబుతానన్నాడు గాని, ఆమె వీధి మలుపు తిరగకముందే కాగితం, పెన్సిలు తీశాడు. రిటైరై అప్పటికి రెండేళ్లు. చుట్టుపక్కల ఇళ్లలో పాడైన కాలింగ్ బెల్లు ఒక్కటి కూడా మిగల్లేదు. చేతులు దురద పెడుతున్న మనిషికి విమానమే దొరికింది.

వైర్ల గురించి ఆయన పెద్దగా బెంగపడలేదు. బెంగంతా స్విచ్చిల గురించే. తన ఉద్యోగంలో చూసిన పాపాల్లో సగం స్విచ్చిలవేనని ఆయన అంటుండేవాడు. వారానికి మూడు రోజులు ఎలక్ట్రికల్ దుకాణాల వీధికి వెళ్లి, ప్రతి కొట్లోనూ స్విచ్చిలు తీయించి, ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని నొక్కి వినేవాడు. ఒక కొట్టాయన విసుగు దాచుకుంటూ, "పెద్దాయనా, అది పుచ్చకాయ కాదు" అన్నాడు. బాబాయి నవ్వలేదు. ఆ మాట పిన్నికి చెప్పినప్పుడు మాత్రం నవ్వాడు.

షెడ్డులో అన్న కూతురికి ఆయన పాఠం చెప్పినట్టే చెప్పేవాడు. ఇంటి స్విచ్చి మీద రెండొందల యాభై వోల్టులు, పది ఆంపియర్లు అని రాసుంటే మోసపోవద్దు. ఇంట్లో వచ్చే కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చి పోతుంది, కాబట్టి స్విచ్చి ఆపినప్పుడు లోపల లేచిన మెరుపు తనంతట తానే చచ్చిపోతుంది. బ్యాటరీ కరెంటు అలా కాదు, పట్టుకుంటే వదలదు. ఆపిన ప్రతిసారీ లోపలి రేకును కొంచెం కొరుకుతుంది. అందుకని బ్యాటరీ కరెంటు ఎంత మోయగలదో విడిగా రాసి ఉన్నదే కొనాలి. ఇక, అటూ ఇటూ ఊగే బల్లపరుపు స్విచ్చిలు చూడ్డానికి సొగసే గాని, గాల్లో కుదుపులో కళ్లు బయట ఉంచి చేత్తో తడిమినప్పుడు అది ఏ వైపుకుందో తెలియదు. లోహపు మీట ఉన్నదైతే వేలికి తెలుస్తుంది. ఆమె ఇవన్నీ పంటి ఎక్స్‌రేల వివరాలు రాసుకునే పుస్తకంలో రాసుకునేది. అల్లుడు పక్కన ఆకురాయితో రేకు అంచులు రాస్తూ, "మామయ్యా, మీ దగ్గర పరీక్ష పెడితే నేను తప్పేలా ఉన్నాను" అనేవాడు.

చివరికి ఒక రకం ఎంచుకున్నాడు. నీళ్లు, దుమ్ము లోపలికి పోకుండా మూసేసినవి, మీట కింద రబ్బరు తొడుగు ఉన్నవి. పన్నెండు తెచ్చి, రెండింటిని రంపంతో నిలువుగా కోసి లోపల చూశాడు. ఇంకోదాన్ని పరీక్షకు పెట్టాడు. పాత కారులోంచి అద్దం తుడిచే మోటారు విప్పి, దానికొక ఇనుప చువ్వ బిగించి, అది మీటను పైకీ కిందికీ కొడుతూ ఉండేలా చెక్క మీద అమర్చాడు. పక్కన ఎన్నిసార్లయిందో చూపే మీటరు. పదకొండు రోజులపాటు రోజూ గంటన్నరసేపు వరండాలో అది టకటకమంటూనే ఉంది. ఈ చప్పుడుకు చచ్చిపోతానని పిన్ని అంది గాని, మీటరు నలభై వేలు దాటిన మధ్యాహ్నం ఆయన్ను వెతుక్కుంటూ వెళ్లి చెప్పింది ఆవిడే. స్విచ్చి చెక్కుచెదరలేదు. విప్పి చూస్తే లోపలి రేకులు కొత్తవాటిలా ఉన్నాయి. ఆ రోజు ఆయన అన్న ఇంటికి ఫోను చేసి, ఏదో శుభవార్త చెప్పినట్టు చెప్పాడు.

స్విచ్చిలు బిగించే ప్యానెలుకు ఆయనకు మూడు వారాలు పట్టింది. బూడిద రంగు పూసిన రేకు, కింది వరసలో ఆరు స్విచ్చిలు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య వెంట్రుకవాసి తేడా లేదు. భూతద్దం పెట్టుకుని, సన్న కుంచెతో, ప్రతి స్విచ్చి కిందా తెల్లటి అక్షరాలు తనే రాశాడు. లిఫ్టుల్లో ఆయన పనంతా మూతల వెనకాల, గుంతల అడుగున. చేసినది నలుగురి కంటికీ ఎదురుగా నిలబడటం ఆయనకు ఇదే మొదటిసారి.

చూడ్డానికి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. అల్లుడికి ఆఫీసు నుంచి ఫోనొస్తే షెడ్డు బయటికి వెళ్లాడు. ఆమె ప్యానెలును రెండు చేతుల్లోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది. చాలా బాగుందని రెండుసార్లు అంది. తర్వాత నాలుగో స్విచ్చి మీద వేలు పెట్టి ఆగింది.

"బాబాయ్, ఇంజనుకు పెట్రోలు అందించే పంపులు రెండు కదా. స్విచ్చి ఒకటే పెట్టావేం?"

"మూడు స్థానాల స్విచ్చమ్మా. పైకి వేస్తే మొదటి పంపు, కిందికి వేస్తే రెండోది, మధ్యలో పెడితే రెండూ ఆగుతాయి. పొరపాటున రెండూ ఒకేసారి తిరిగే వీల్లేదు."

"పంపు పోతే రెండోదానికి మారుస్తాను, సరే. స్విచ్చే పోతే?"

"నలభై వేలసార్లు కొట్టి చూశాను. నువ్వు ఏడాదికి రెండొందల సార్లు నొక్కుతావేమో. నీ మనవలు నొక్కినా పోదు."

"అది కాదు బాబాయ్. విడివిడిగా రెండు పెడితే కష్టమా?"

ఆ క్షణంలో ఆమె అడిగినది సరైన ప్రశ్న అని ఆయనకు తెలిసింది. ఆ ఇంజనుకు సొంతంగా పెట్రోలు లాగే శక్తి లేదు, పంపులే పంపాలి. రెండు పంపులకూ వెళ్లే కరెంటు ఆ స్విచ్చి వెనక వైరు బిగించే మధ్య కాలి గుండానే పోవాలి. ఆ కాలు తెగితే మీట ఎటు తిప్పినా ఒకటే. ఇది తెలియడానికి ఆయనకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. కాని ఏడో స్విచ్చి పెట్టాలంటే ఏడో కన్నం కావాలి. ఆరింటి వరస చెడుతుంది. రంగంతా గీకి, అక్షరాలన్నీ చెరిపి, మళ్లీ మొదటికి రావాలి. ఆయన ప్యానెలు వంక చూసి, గొంతు కాస్త పెంచి, ఇరవై ఎనిమిదేళ్లు చేసిన పని ఇది, నీ దగ్గర నేర్చుకోవాలా అన్నట్టుగా, "అక్కర్లేదు అమ్మడూ" అన్నాడు.

ఆమె ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. నువ్వు చెప్పాక ఇంకేముందిలే అని ప్యానెలును జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. అల్లుడు లోపలికొచ్చేసరికి వాళ్లు వేరే సంగతేదో మాట్లాడుకుంటున్నారు.

తనిఖీవాళ్లు వచ్చి చూసి సంతకం పెట్టారు. అంతకుముందే పైలటు లైసెన్సు తెచ్చుకున్న ఆమె మొదటి ముప్ఫై గంటలూ ఒంటరిగా ఎగిరింది. నియమం అలాంటిది. తర్వాతే భర్తను ఎక్కించుకుంది. అతను పై నుంచి తాను కొలిచిన పొలాలను చూపిస్తూ, ఫలానా గట్టు దగ్గర తగువు, ఫలానా గట్టు దగ్గర రాజీ అని చెప్పేవాడట.

అయిదోసారి ఇద్దరూ ఎగిరిన ఉదయం, బాబాయి పక్కింటి వాకిట్లో వాళ్ల ఫ్యాను విప్పి చాప మీద పరుచుకుని కూర్చున్నాడు. పిన్ని ఫోను చేతిలో పట్టుకుని గేటు దగ్గరికొచ్చి నిలబడింది. ఆయన ఆవిడ ముఖం చూసి లేచాడు.

జరిగింది తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఇంజను దగ్గలేదు, మూలగలేదు, ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆమె చెయ్యి దానంతటదే నాలుగో స్విచ్చికి వెళ్లింది. కిందికి వేసింది, ఏమీ లేదు. పైకి వేసింది, ఏమీ లేదు. తొమ్మిదిసార్లు మార్చానని, లెక్కపెట్టానని చెప్పింది. పదోసారికి సమయం లేక, దున్నిన పొలంలో దింపింది. చక్రం చాలులో దిగబడి విమానం ముక్కు మీదకు ఒరిగింది. ఆమె కుడి మణికట్టు విరిగింది. అతనికి నడుములో రెండు పూసలు చితికాయి.

ప్రాణాలు దక్కాయని అందరూ అన్నారు. నిజమే. అయిదు నెలలు అతను మంచం మీద ఉన్నాడు. లేచాక నడవగలిగాడు గాని, పావుగంట దాటితే ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. రోజంతా గుట్టలూ గట్లూ ఎక్కి దిగిన మనిషికి ఆఫీసులో బల్ల ఇచ్చారు. ఇతరులు కొలిచి తెచ్చిన అంకెలను అతను పటంలోకి ఎక్కించేవాడు.

దర్యాప్తు అధికారి ఒక నెల తర్వాత బాబాయిని పిలిపించాడు. తెల్ల గుడ్డ మీద ఆ స్విచ్చిని నిలువుగా కోసి పెట్టాడు, బాబాయి కోసినంత శుభ్రంగానే. మధ్య కాలును లోపలి రేకుతో కలిపే రివిటు వదులైంది. వదులైన చోట వేడి పుట్టి చుట్టూ ప్లాస్టిక్ కరిగి, చివరికి రేకు లేచిపోయింది. అధికారి నింపాదిగా మాట్లాడే మనిషి. వరండాలో చేసిన పరీక్ష గురించి అడిగి తెలుసుకున్నాడు.

"నలభై వేలసార్లు కొట్టారు, మంచిదే. వణికించి చూశారా?"

"లేదండీ."

"ఇలాంటి విమానంలో స్విచ్చి అరిగిపోయి పోదండి. ఏడాదికి ఎన్నిసార్లు నొక్కుతారు? ఇంజను అదురుకో, వాడకుండా పడుండో పోతుంది. మీరు కొన్నది మంచి స్విచ్చే. ఇంతకన్నా మంచిది నేనైనా కొనను. ఎంత మంచిదైనా ఒకరోజు పోతుంది, అంతే."

తర్వాత అధికారి ఫైలు తిప్పి, రెండు పంపులకూ ఒకే స్విచ్చి అన్న నిర్ణయం పూర్తిగా తనదేనని మీ అమ్మాయి రాసిచ్చింది, దానిమీద మీరేమైనా చెప్పాలా అని అడిగాడు. ఆమె అడిగిన సంగతి అందులో ఒక్క ముక్క లేదు. బాబాయి నోరు తెరిచాడు. ఏమీ లేదన్నాడు. ఆ మాట ఎందుకు వచ్చిందో ఆయనకే తెలియదు. ఆమె రాసినదాన్ని అబద్ధం చేయడం ఇష్టం లేక అని కొన్నాళ్లు తనకు తాను చెప్పుకున్నాడు. భయపడ్డానని ఒప్పుకోవడానికి ఇంకా కొన్నాళ్లు పట్టింది.

ఆ ఆఫీసు నుంచి ఇంటికి నడుస్తుంటే ఆయనకు ఇంకో సంగతి తట్టి, రోడ్డు పక్కన ఒక అరుగు మీద కూర్చుండిపోయాడు. లిఫ్టులో ఏ స్విచ్చి పోయినా లిఫ్టు ఆగుతుంది. ఆగితే చాలు, లోపలివాళ్లు విసుక్కుంటారు, గంట కొడతారు, బతికుంటారు. ఇరవై ఎనిమిదేళ్లు ఆయన నేర్చుకున్నదంతా ఆగడమే క్షేమం అనుకునే యంత్రం గురించి. ఆ అనుభవాన్ని గాల్లోకి పంపి, అక్కర్లేదు అన్నాడు. అయినా అది కూడా సాకే. ఆమె అడిగిన రోజున ఆయన్ను ఆపింది అనుభవం కాదు, రంగూ అక్షరాలూ.

అల్లుడు లేచి కూర్చోవడం మొదలుపెట్టాక, ఒక సాయంత్రం బాబాయి వాళ్లింటికి వెళ్లాడు. ఆమె ఇంకా క్లినిక్ నుంచి రాలేదు. అల్లుడు నడుముకు పట్టీతో, వెనక దిండు పెట్టుకుని పటం ఏదో చూస్తున్నాడు. బాబాయి కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదలుపెట్టినవాడు ఆగకుండా అంతా చెప్పేశాడు. ఆమె అడిగిందనీ, తాను కసిరినట్టు మాట్లాడాననీ, అది సరైన ప్రశ్నని తెలిసే కాదన్నాననీ, ఆరు స్విచ్చిల వరస చెడుతుందనే కాదన్నాననీ చెప్పాడు. నన్ను ఏమన్నా పడతాను బాబూ అన్నాడు.

అల్లుడు చేతిలోని పటాన్ని మడిచి పక్కన పెట్టాడు. బాబాయి తిట్ల కోసం ఎదురుచూశాడు.

"తను అడిగిందా?" అన్నాడు చివరికి.

"అడిగింది. రెండుసార్లు."

"అయితే తనకు అనుమానం ఉంది. ఉండీ నన్ను ఎక్కించుకుంది."

అలా కాదు బాబూ, నా మీద నమ్మకంతో ఊరుకుంది అని బాబాయి ఏదో చెప్పబోయాడు. అల్లుడు చేయి కొంచెం పైకెత్తి ఆపాడు. అలసటగా ఉంది, పడుకుంటాను, తలుపు దగ్గరికి వేసి వెళ్లండి మామయ్యా అన్నాడు, ఎప్పటి మర్యాదతోనే.

మర్నాడు మధ్యాహ్నం ఆమె వచ్చింది. పిన్ని కుర్చీ వేస్తే కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"ఎవరడిగారు బాబాయ్ నిన్ను చెప్పమని?"

"నా తప్పు నీ మీద వేసుకుని నువ్వు..."

"వేసుకున్నది నేను. నాకు తెలిసే వేసుకున్నాను. ఆయనకు నేను రోజూ మందులిస్తున్నాను, నడిపిస్తున్నాను. ఎవరికీ తెలియక జరిగిందని నమ్మే ఆయన నా చెయ్యి పట్టుకుని లేస్తున్నాడు. నువ్వు నీ బరువు దించుకున్నావు. ఎక్కడ దించావో చూసుకోలేదు."

ఆయన క్షమించమని అడగబోయాడు. ఆమె అది విననక్కర్లేదన్నట్టు తల ఊపి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. పిన్ని కుర్చీని మళ్లీ గోడ పక్కకు జరిపింది.

అల్లుడు ఆ నెలలోనే తన అక్క ఇంటికి వెళ్లాడు. ఆసుపత్రి దగ్గరని చెప్పారు, అదీ నిజమే. ఏడు నెలలుండి తిరిగొచ్చాడు. వచ్చాక ఆ ఇంట్లో ఎలా ఉందో బాబాయికి తెలియదు. ఫోను పిన్నికే వచ్చేది. ఎలా ఉన్నారని పిన్నిని అడిగితే బాగానే ఉన్నారట అనేది. ఆ చివరి అక్షరం దగ్గర ఆవిడ గొంతు కొద్దిగా తగ్గేది.

విరిగిన విమానాన్ని ఎవరో కొనుక్కుని లారీలో తీసుకెళ్లారు. బాబాయి అడ్రసు సంపాదించి కొన్నాయనకు మూడు పేజీల ఉత్తరం రాశాడు, స్విచ్చి సంగతంతా, ఏ వైరు ఎక్కడ విడదీసి కలపాలో బొమ్మ గీసి మరీ. మైదానంలో విమానాలు కట్టుకునే మిగతావాళ్లకు కూడా ఒకసారి వెళ్లి చెప్పాడు. ఆమె అడిగిందన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. తనకే తోచలేదని చెప్పాడు. ఒకాయన, ఇంత అనుభవం ఉండీ తోచలేదా అని అడిగాడు. తోచలేదండీ అన్నాడు. ఆ అబద్ధం ఆడటానికి ఆయనకు అసలు కష్టం కలగలేదు. ఏడాది ముందు అల్లుడి దగ్గర అది ఆడి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఆ తర్వాత చలికాలంలో ఆయనకు దవడ పన్ను నొప్పి పట్టుకుంది. నాలుగు రోజులు లవంగాలతో నెట్టాడు. అయిదో రోజు చెంప వాచింది. పిన్ని ఆయన్ను అడక్కుండానే ఫోను చేసి, రేపు పదకొండింటికి రమ్మంది అని చెప్పింది. ఎవరు రమ్మన్నారని ఆయన అడగలేదు.

క్లినిక్‌లో ఆమె మాస్కు కట్టుకుని ఉంది. కళ్లు మాత్రమే కనిపించాయి. కూర్చో బాబాయ్, తల వెనక్కి ఆనించు అంది. అద్దం పెట్టి చూసి, ఎన్నాళ్ల నుంచని అడిగింది. చెప్పాడు. ఇన్నాళ్లెందుకు ఆగావని అడగలేదు. సూది వేసింది. దవడ మొద్దుబారాక పని మొదలుపెట్టింది. పై దీపం కళ్లలో పడుతుంటే, ఒక చేత్తో దాన్ని కొంచెం పక్కకు తిప్పింది.

పని మధ్యలో ఆమె ఆగింది. కుడి చేతిలో పరికరం పళ్లెంలో పెట్టి, మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని, మెల్లగా అటూ ఇటూ తిప్పింది. గోడ వైపు చూస్తూ కాసేపు అలాగే నిలబడింది. అది రోజూ చేసేదే అన్నట్టు పక్కనున్న నర్సు పట్టించుకోలేదు. బాబాయి నోటినిండా దూదీ గొట్టమూ ఉన్నాయి. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఆమె తిరిగి చూసింది.

"నొప్పి పుడుతోందా?"

ఆయన లేదని తల ఆడించాడు.

"అయితే కదలకు. ఇంకా కొంచెమే ఉంది" అని పరికరం మళ్లీ చేతిలోకి తీసుకుంది.

అయిపోయాక రెండు గంటలు ఏమీ తినొద్దనీ, అటువైపు నమలొద్దనీ, మళ్లీ బుధవారం రావాలనీ చెప్పింది. మొద్దుబారిన పెదవులతో ఆయన సరేనన్నాడు. మాట సరిగా పలకలేదు. ఆమె అప్పటికే చేతులు కడుక్కుంటూ, తర్వాతి మనిషిని పిలవమని నర్సుకు చెబుతోంది.